‘హయా’ అనే పేరు – దాని అర్థం, మన బాధ్యత



బిడ్డ పుట్టిన ఏడవనాడు అఖీఖా చేసి మంచి పేరు పెట్టడం ప్రవక్త సంప్రదాయం. మన పెద్దల ఇళ్లలో ఫాతిమా, ఖాసింబీ, మస్తాన్‌బీ వంటి పేర్లు వినిపించేవి. నేటి తల్లిదండ్రులు ఈమాన్, తఖ్వా, హయా అంటూ సుగుణాలనే పేర్లుగా ఎంచుకుంటున్నారు. వీటిలో రెండక్షరాల ‘హయా’ పలకడానికి సులువు, వినడానికి ఇంపు. ఆ పేరు మన నుండి ఏమి కోరుతున్నదో ఆలోచిద్దాం.

హయాను తెలుగులో సిగ్గు, బిడియం అంటుంటాము. ఆ మాటలలో దాని పూర్తి అర్థం ఇమడదు. అరబీలో జీవితమని అర్థమిచ్చే ‘హయాత్’, ఈ ‘హయా’ ఒకే ధాతువుకు చెందినవి. హృదయం సజీవంగా ఉన్నవారికే చెడును తలపెట్టినప్పుడు లోలోన జంకు కలుగుతుందని ధర్మవేత్తలు వివరించారు. ఎవరూ చూడని చోట సైతం అల్లాహ్ చూస్తున్నాడన్న ఎరుకే హయా. ఇది విశ్వాసంలో ఒక శాఖ అని ప్రవక్త మహనీయులు (స) బోధించారు. ఉర్దూ మాట్లాడే మన ఇళ్లలో ‘బేహయా’ అన్నది ఎంతటి కఠినమైన నిందో అందరికీ తెలిసినదే.

ఈ గుణం ఆడపిల్లలకే పరిమితమని కొందరు భావిస్తారు. అయితే ప్రవక్త (స) అత్యంత లజ్జాశీలి అని హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) తెలియజేశారు. మూడవ ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) హయాకు పేరుగాంచినవారు. మరికొందరు హయా అంటే మౌనంగా ఉండటమనుకుంటారు. మద్‌యన్ బావి వద్ద హజ్రత్ మూసా (అలై) సాయం పొందిన ఇద్దరు యువతులలో ఒకరు బిడియంతో నడిచివచ్చి, తండ్రి పంపిన కబురును స్పష్టంగా వినిపించారు. ఆయనను పనిలో పెట్టుకోమని తండ్రికి సలహా ఇచ్చినదీ ఆ ఇద్దరిలో ఒకరే. ఖుర్ఆన్‌లోని అల్ ఖసస్ అధ్యాయంలో ఈ వృత్తాంతం ఉంది. ధర్మాన్ని అడిగి తెలుసుకోవడానికి హయాను అడ్డు రానీయని అన్సార్ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారు. కనుక హయా పేరు చెప్పి ఆడబిడ్డ చదువును, ఆమె అడిగే ప్రశ్నను అణచివేసే హక్కు మనకు లేదు.

మరొక విషయం. పుణ్యవతి అని అర్థమిచ్చే ‘బర్రా’ అనే పేరును ప్రవక్త (స) ‘జైనబ్’గా మార్చారు. ఎవరూ తమ పవిత్రతను తామే చాటుకోరాదని హితవు పలికారు. సుగుణం పేరు పెట్టినంతనే సుగుణం అబ్బదు. అది బిడ్డ కోసం మనం చేసే దుఆ. ఆ దుఆకు మన నడవడి తోడు కావాలి. తండ్రి నోట బూతులు, తల్లి నోట చాడీలు వింటూ పెరిగే బిడ్డకు ఆ పేరు ఏమి నేర్పగలదు? కూతురిని తల దించుకు నడవమని శాసిస్తూ, కొడుకు ఫోన్‌లో ఏమి చూస్తున్నాడో పట్టించుకోని ఇంటిలో ఆ పేరుకు ఏమి గౌరవం దక్కుతుంది? ‘హయా’ అని పిలిచిన ప్రతిసారీ, పిలిచిన మనకే ముందుగా దాని అర్థం గుర్తుకు రావాలి.

అల్లాహ్ మన సంతానానికి మంచి పేర్లతో పాటు మంచి నడవడిని, వారికి ఆదర్శంగా నిలిచే భాగ్యాన్ని మనకూ ప్రసాదించుగాక! ఆమీన్.