చేపా రొయ్యా పొత్తు

ఇల్లు కట్టే నేర్పు ఉన్నవాడికి చూపు ఆనదు. చూపు చురుకైనవాడికి ఇల్లు కట్టడం రాదు. ఈ ఇద్దరూ ఒకచోట చేరితే ఎలా ఉంటుంది? వెచ్చని సముద్రాల అడుగున, పగడపు దిబ్బల పక్కన పరచుకొన్న ఇసుకలో ఇలాంటి కాపురాలు ఎన్నో ఉన్నాయి. అక్కడ ఇల్లు కట్టేది రొయ్య, కాపలా కాసేది చేప.

ఈ చేప గోబీ కుటుంబానికి చెందినది. ఆ కుటుంబం తెలుగువారికి కొత్తది కాదు. ఏళ్ళలో, కాలువలలో ఇసుకను అంటిపెట్టుకొని ఉండే ఇసుకదొందు కూడా గోబీయే. సముద్రపు గోబీలలో నూటికి పైగా జాతులు రొయ్యలతో పొత్తు కలిపి బతుకుతున్నాయి. ఎర్రసముద్రం మొదలుకొని లక్షద్వీప దీవుల మీదుగా పసిఫిక్ మహాసముద్రం వరకూ ఇవి కనిపిస్తాయి. చాలావరకు జానెడు పొడవైనా ఉండవు. ఎర్రసముద్రంలో వీటి సహజీవనాన్ని గురించి లూథర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 1958లో రాశాడు.

ఇక రొయ్య సంగతి. ఇది కూరకు తెచ్చుకొనే రొయ్య కాదు. దీని డెక్కలలో ఒకటి చాలా పెద్దది. ఆ డెక్కను తటాలున మూసినప్పుడు నీరు వేగంగా చిమ్ముతుంది. ఆ నీటిలో ఒక బుడగ పుట్టి, వెంటనే పగిలి పెద్ద శబ్దం చేస్తుంది. అందుకే దీనిని పిస్తోలు రొయ్య అంటారు. ఇంతటి ఆయుధం ఉన్నా దీని చూపు మాత్రం బాగా మందం.

పగలు ఈ రొయ్యకు తీరిక ఉండదు. మెత్తని ఇసుకలో బొరియ నిలవడం కష్టం. గోడలు జారుతూనే ఉంటాయి. జారిన ఇసుకను డెక్కలతో ముందుకు నెట్టుకొంటూ వచ్చి బయట పోస్తుంది. గవ్వ ముక్కలు, పగడపు రాళ్ళు తెచ్చి గోడలకు ఆసరాగా పెడుతుంది. అయితే ఇసుక పారబోయడానికి వాకిట్లోకి వచ్చిన ప్రతిసారీ దానికి ప్రాణగండమే. తనను తినే చేప ఎటు నుండి వస్తున్నదో దానికి కనిపించదు.

చేప అవసరం ఇక్కడే ఉంది. గోబీ బొరియ వాకిట నిలిచి నలుదిక్కులా చూస్తూ ఉంటుంది. రొయ్య బయటికి వచ్చినప్పుడు తన పొడవైన మీసాన్ని చేప ఒంటికి ఆనించి ఉంచుతుంది. చూపులేనివారు తోడు వచ్చినవారి భుజం మీద చేయి వేసుకొని నడుస్తారు కదా, అలాగన్నమాట. వేటచేప కనిపించగానే గోబీ తోకను గబగబ అదురుస్తుంది. మీసం ద్వారా ఆ అదురు తెలిసిన మరుక్షణం రొయ్య లోపలికి పోతుంది. ఆపద మరీ దగ్గరపడితే గోబీ తానే తలకిందులుగా బొరియలోకి దూకుతుంది. అప్పుడు రొయ్యకు వేరే కబురు అక్కరలేదు.

గోబీని తీసివేసి చూసిన శాస్త్రజ్ఞులకు ఒక విషయం తేలింది. కాపలా లేనప్పుడు రొయ్య బయటికి రావడం బాగా తగ్గించింది. గోబీకి కూడా రొయ్య లేకపోతే కష్టమే. బాగుచేసేవారు లేని బొరియ పూడిపోతుంది. ఇల్లు లేని గోబీ ఆ బయలు ఇసుకలో ఎక్కడ దాక్కుంటుంది? పైగా రొయ్య తవ్విపోసిన ఇసుకలో దానికి తినడానికి చిన్నచిన్న జీవులు కూడా దొరుకుతాయి. ఈ పొత్తుకు రాతకోతలు లేవు గాని, లెక్క మాత్రం సరిగానే ఉంది!

పొద్దు గూకగానే రెండూ లోపలికి చేరతాయి. రాత్రి బొరియ నోరు ఇసుకతో మూసుకుపోతుంది. తెల్లవారినాక ముందుగా గోబీ తల బయటపెట్టి చూస్తుంది. ఆ తరువాతే రొయ్య మొదటి ఇసుక మోపుతో వాకిట్లోకి వస్తుంది.

ఇంత విశాలమైన సముద్రంలో ఇవి ఒకదానినొకటి ఎలా గుర్తుపడతాయి? ఇలాన్ కార్ప్లస్ అనే ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞుడు ఎర్రసముద్రపు జీవులపై 1970ల నుండి పరిశోధనలు చేశాడు. గోబీ రొయ్యను కంటితో చూసి పోల్చుకొంటుంది. రొయ్యకు ఆ వీలు లేదు. నీటిలో కలిసి వచ్చే గోబీ వాసనను పట్టుకొని అది తన కాపలాదారును చేరుకొంటుంది.