సీ బుక్కులో ఎవరి పేరుంది?

అరసవల్లి అనగానే సూర్యనారాయణ స్వామి గుడి గుర్తుకొస్తుంది. రథసప్తమికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఆదివారాలు కూడా రద్దీయే. ఆ జనాన్ని నమ్ముకుని ఎన్నో బళ్లు తిరుగుతాయి. ఎన్నో కుటుంబాలు బతుకుతాయి.

అక్కడ ఒక ఇల్లాలు ఉందనుకుందాం. ఆమె పెనిమిటి డ్రైవరు. పదేళ్లుగా ఒకరి జీపు తోలుతున్నాడు.

"ఎన్నాళ్లని ఒకరి బండి తోలతాను? మనకే ఒక జీపుంటే గుడికాడ కిరాయిలు తోలొచ్చు. సీతంపేట కొండల మీదికీ ఎల్లొచ్చు" అంటాడు.

కొండదారిలో, రాళ్లలో, బురదలో జీపు నడిచినట్టు కారు నడవదు. ఆ మాట నిజమే. కాని కొత్త జీపు కొనే స్తోమత వాళ్లకు లేదు.

ఒకనాడు ఒక బ్రోకరు పాత జీపు ఒకటి తెచ్చాడు. ఒడిశా నంబరు బండి. రంగు కొత్తగా వేశారు. ఇంజిన్ బాగానే మోగుతోంది.

"రెండు లక్షలకి ఇప్పిస్తాను బావా. ఇంకొకరైతే మూడుకి తక్కువ ఇవ్వరు. ఈరోజే పాతికవేలు బయానా ఇచ్చెయ్యి. రేపటికి బండి ఉండదు" అన్నాడు.

ఇల్లాలి దగ్గర పొదుపు సంఘం అప్పు డబ్బు ఉంది. చాలకపోతే పుస్తెలతాడు తాకట్టు పెట్టాలి.

"డబ్బు నాను తెత్తాను మావా. ముందు సీ బుక్కు సూద్దాం" అంది ఆమె.

బ్రోకరు నవ్వాడు. "సీ బుక్కు సూసి నువ్వేటి సేస్తావప్పా? అది ఇంగ్లీసులో ఉంటాది."

"అంకెలు అందరికీ ఒకటే కదా తమ్ముడూ. ఇలా తే" అంది.

సీ బుక్కు అంటే ఏమిటి?

పొలానికి పట్టాదారు పుస్తకం ఉంటుంది. బండికి సీ బుక్కు ఉంటుంది. దీన్నే ఆర్.సి. అంటారు. పూర్వం ఇది పుస్తకంలా ఉండేది. తరువాత కార్డు వచ్చింది. జనం మాత్రం ఇప్పటికీ సీ బుక్కు అనే అంటారు.

బండి ఎవరిది, ఏ సంవత్సరంలో రిజిస్టరు అయింది, దాని ఛాసిస్ నంబరు ఎంత, ఇంజిన్ నంబరు ఎంత అన్నది అందులో ఉంటుంది. బండి మీద అప్పు ఉంటే అదీ ఉంటుంది. దీన్ని ఆర్టీవో ఆఫీసు ఇస్తుంది.

మొదటి పని: అంకెలు కలపాలి

ఛాసిస్ అంటే బండికి వెన్నెముక. దాని ఇనుము మీద ఒక నంబరు కొట్టి ఉంటుంది. ఇంజిన్ మీద ఇంకో నంబరు ఉంటుంది. ఈ రెండూ సీ బుక్కులోని నంబర్లతో కలవాలి. ఒక్క అంకె తేడా వచ్చినా ఆగిపోవాలి.

ఇల్లాలు సీ బుక్కు పట్టుకుని జీపు పక్కన కూర్చుంది. పెనిమిటి గుడ్డతో మసి తుడిచాడు. ఆమె ఒక్కొక్క అంకె మీద వేలు పెట్టి చూసింది. ఛాసిస్ నంబరు కలిసింది. ఇంజిన్ నంబరులో చివరి మూడు అంకెలు కలవలేదు.

"పాత ఇంజిన్ పోతే వేరేది ఏయించేరప్పా. జీపులకి ఇది మామూలే" అన్నాడు బ్రోకరు.

పాత జీపుల్లో ఇది నిజంగానే ఎక్కువ. మన దేశంలో మహీంద్రా కంపెనీ 1947 నుంచి జీపులు బిగించడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి అవి పల్లెల్లో, కొండల్లో తిరుగుతున్నాయి. మిలిటరీ వాళ్లు వేలంలో అమ్మేసిన జీపులు కూడా జనం చేతికి వచ్చాయి. జీపు మొండిది. ఒకదాని ఇంజిన్ ఇంకోదానికి బిగించినా నడుస్తుంది. అలా ఇంజిన్ ఒకచోటిది, బాడీ ఒకచోటిది అయిన జీపులు చాలా ఉన్నాయి.

ఇంజిన్ మార్చడం తప్పు కాదు. కాని ఆర్టీవో అనుమతి తీసుకోవాలి. కొత్త ఇంజిన్ నంబరు సీ బుక్కులో ఎక్కించాలి. ఎక్కించకపోతే ఆ ఇంజిన్ ఎక్కడిదో ఎవరికి తెలుసు? అది దొంగ బండిదైతే పోలీసులు మన ఇంటికే వస్తారు.

రెండో పని: పేరు చూడాలి

పేరు ఇంగ్లీసులో ఉంది. తొమ్మిదో తరగతి చదివే కూతురు చదివి చెప్పింది. అది అమ్మే మనిషి పేరు కాదు.

"ఈ పేరు ఎవరిది?" అని అడిగింది ఇల్లాలు.

"అతను మొదటి ఓనరు. అతని కాడ ఒకరు కొన్నారు. ఆయన కాడ ఇప్పుడమ్మే ఆయన కొన్నాడు. మొదటాయన రెండేళ్ల కిందట పోయాడు. అయినా భయం లేదప్పా. బతికున్నప్పుడే ఫారాల మీద సంతకాలు పెట్టేశాడు" అన్నాడు బ్రోకరు.

ఇక్కడే చాలామంది మోసపోతారు. బండి పేరు మార్పించడానికి 29వ నంబరు ఫారం, 30వ నంబరు ఫారం ఉంటాయి. అమ్మేవాళ్లు ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి ఇచ్చేస్తారు. ఆ ఫారాలతో బండి చేతులు మారిపోతూ ఉంటుంది. సీ బుక్కులో పేరు మాత్రం మారదు.

చనిపోయిన మనిషి సంతకంతో బండి పేరు మార్చడం కుదరదు. ముందు ఆ బండి అతని వారసుల పేరు మీదికి రావాలి. దానికి 31వ నంబరు ఫారం ఉంది. మరణ ధ్రువపత్రం కావాలి. మిగతా వారసుల ఒప్పుదల కూడా కావాలి. ఆ తరువాతే వాళ్లు మనకు అమ్మాలి. వారసుల్లో ఒక్కరు కాదన్నా పని ఆగిపోతుంది.

మూడో పని: అప్పు ఉందా?

బండిని ఫైనాన్సులో కొంటే ఆ సంగతి సీ బుక్కులో రాస్తారు. అప్పు తీరిపోతే చాలదు. అప్పిచ్చినవాళ్లు తీరిందని కాగితం ఇవ్వాలి. 35వ నంబరు ఫారం మీద సంతకం చేయాలి. ఆర్టీవో ఆఫీసులో ఆ మాట కొట్టేయించాలి. లేకపోతే పాత బాకీకి ఫైనాన్సువాళ్లు వచ్చి బండి పట్టుకుపోతారు. అప్పుడు మన డబ్బు పోతుంది, బండీ పోతుంది.

నాలుగో పని: బండి వయసు లెక్క కట్టాలి

ఆ సీ బుక్కులో 2004 అని ఉంది. ప్రైవేటు బండికి సీ బుక్కు 15 ఏళ్లు చెల్లుతుంది. ఇల్లాలు వేళ్ల మీద లెక్క కట్టింది. 2004కి 15 కలిపితే 2019. గడువు ఎప్పుడో దాటిపోయింది.

గడువు దాటితే బండిని ఆర్టీవో ఆఫీసుకు తీసుకెళ్లాలి. బ్రేక్ ఇన్‌స్పెక్టరు చూడాలి. బాగుందంటే ఇంకో 5 ఏళ్లు పొడిగిస్తారు. జీపు, కారు లాంటి బండికి ఈ రుసుము పూర్వం 600 రూపాయలు ఉండేది. 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 రూపాయలు చేశారు. 20 ఏళ్లు దాటిన బళ్లకు 2025లో ఇంకా పెంచారు. చవక బండి వెనక ఈ ఖర్చు ఉంది.

నంబరు ప్లేటు కూడా కొంత చెబుతుంది. ఒడిశా బళ్లకు 2012 వరకు ఓ.ఆర్. అనే అక్షరాలు ఉండేవి. తరువాత ఓ.డి. వచ్చింది. కాబట్టి ఓ.ఆర్. అని ఉంటే అది పాత బండే. మన శ్రీకాకుళం బళ్లకు ఏ.పి. 30, విజయనగరం బళ్లకు ఏ.పి. 35 ఉండేవి. 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఏ.పి. 39 తెచ్చారు.

ఐదో పని: వేరే రాష్ట్రం బండి అయితే

ఒడిశా మనకు పక్కనే. పర్లాకిమిడి నుంచి బళ్లు వస్తూ పోతూ ఉంటాయి. కాని అక్కడి బండిని ఇక్కడ మన పేరు మీదికి మార్చుకోవాలంటే అక్కడి ఆర్టీవో ఒక కాగితం ఇవ్వాలి. దాన్ని ఎన్.వో.సి. అంటారు. "ఈ బండి తీసుకెళ్లడానికి మాకు అభ్యంతరం లేదు" అని దాని అర్థం. పన్ను బాకీ, దొంగతనం కేసు ఉన్నాయేమో చూసి అది ఇస్తారు. ఆ తరువాత ఇక్కడ పన్ను కట్టాలి. కొత్త నంబరు తీసుకోవాలి. ఎన్.వో.సి. తెచ్చే బాధ్యత అమ్మేవాళ్లదే అని ముందే మాట్లాడుకోవాలి.

ఆరో పని: తెల్ల బోర్డా, పసుపు బోర్డా?

తెల్ల బోర్డు మీద నల్ల అక్షరాలుంటే సొంతానికి వాడే బండి. పసుపు బోర్డు మీద నల్ల అక్షరాలుంటే కిరాయి బండి. తెల్ల బోర్డు జీపులో జనాన్ని కిరాయికి ఎక్కించకూడదు. కిరాయి బండికి పర్మిటు కావాలి. ఎఫ్.సి. ఉండాలి. ఇవి లేకుండా తోలితే జరిమానా పడుతుంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్లు "ఇది సొంత వాడకం బండి కదా" అని మొండికేస్తారు.

ఆ జీపుది తెల్ల బోర్డు.

పేరు మారకపోతే ఎవరికి నష్టం?

కొన్నవాళ్లకు నష్టమే. సీ బుక్కు చేతిలో ఉన్నా చట్టం దృష్టిలో బండి వాళ్లది కాదు. మళ్లీ అమ్ముకోలేరు. బండి మీద అప్పు పుట్టదు. దొంగలెత్తుకుపోతే ఇన్సూరెన్సు అడగడం కష్టమవుతుంది.

అమ్మినవాళ్లకు కూడా నష్టమే. ఉత్తరాదిలో ఒకాయన 2007లో తన కారు అమ్మేశాడు. అది ఇంకా కొన్ని చేతులు మారింది. 2009లో ఆ కారు గుద్ది ఒక మనిషి చనిపోయాడు. సీ బుక్కులో పేరు మాత్రం మొదటాయనదే ఉండిపోయింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2018లో కోర్టు తీర్పు చెప్పింది. రిజిస్టరులో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు, నష్టపరిహారం వాళ్లే కట్టాలి అంది. బండి అమ్మేసి దాదాపు రెండేళ్లయినా ఆయనకు విడుదల దొరకలేదు.

చూశారా! స్టాంపు కాగితం రాసుకుంటే చాలదు. డబ్బు ఇచ్చినట్టు అది సాక్ష్యం మాత్రమే. దాంతో పేరు మారదు.

పేరు ఎలా మార్పించుకోవాలి?

సీ బుక్కులో పేరున్న మనిషినే కలవాలి. ఆధార్ కార్డుతో పోల్చి చూడాలి. అసలు సీ బుక్కు చూడాలి. జిరాక్సు నమ్మకూడదు. ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాల తేదీలు చూడాలి. ఫోనులో ఎం-పరివాహన్ అనే యాప్ ఉంటుంది. బండి నంబరు కొడితే కొన్ని వివరాలు కనిపిస్తాయి. చదువుకునే పిల్లల చేత చూపించుకోవచ్చు.

బండి అమ్మిన 14 రోజుల్లోగా అమ్మినవాళ్లు ఆర్టీవోకు తెలపాలి. కొన్నవాళ్లు 30 రోజుల్లోగా తెలపాలి. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లోగా కొన్నవాళ్ల పేరుకు మార్పించుకోవాలి.

డబ్బంతా ఒకేసారి ఇవ్వకూడదు. పేరు మారాక ఇచ్చేలా కొంత ఆపుకోవాలి. ఇచ్చిన ప్రతి రూపాయికీ రశీదు తీసుకోవాలి.

ఇప్పటికే కొనేసి చిక్కుల్లో పడితే?

ఊరుకోకూడదు. ఎంత ఆలస్యమైతే అంత కష్టం. సీ బుక్కులో పేరున్న మనిషిని వెతకాలి. సీ బుక్కు పోయి ఉంటే పోలీసు స్టేషనులో చెప్పి కాగితం తీసుకోవాలి. రిజిస్టరులో పేరున్నవాళ్ల చేత 26వ నంబరు ఫారం పెట్టించి నకలు తీసుకోవాలి.

అమ్మినవాళ్లు ముఖం చాటేస్తే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లవచ్చు. శ్రీకాకుళంలో జిల్లా కోర్టు దగ్గర ఉంటుంది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా న్యాయ సహాయం ఇస్తారు. ఇది 1987 చట్టం ఇచ్చిన హక్కు. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

చివరికి ఏమైంది?

ఇల్లాలు సీ బుక్కు బ్రోకరు చేతికి తిరిగి ఇచ్చేసింది.

"ఇంజిన్ నంబరు కలవలేదు. పేరున్నాయన బతికి లేడు. గడువు తీరిపోయింది. ఒడిశా కాగితం లేదు. బోర్డు తెల్లది. ఇవన్నీ సరిసేసి తీసుకురా తమ్ముడూ. అప్పుడు బేరమాడదాం" అంది.

పెనిమిటికి ముందు కోపం వచ్చింది. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. చేతికొచ్చిన బండి పోయిందని బాధ. మర్నాడు ఆర్టీవో ఆఫీసుకు వెళ్లి అడిగి వచ్చాడు. వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. "ఆ పాతికవేలు ఇచ్చుంటే పోయినట్టేనే" అన్నాడు.

రెండు నెలల తరువాత విజయనగరం నుంచి ఒక జీపు దొరికింది. పసుపు బోర్డు. ధర ఇంకో అరవైవేలు ఎక్కువ. కాని అంకెలన్నీ కలిశాయి. సీ బుక్కులో పేరున్న మనిషే ఆఫీసుకు వచ్చి పని పూర్తి చేయించాడు.

అప్పు తెచ్చింది ఇల్లాలు. తీర్చవలసింది కూడా ఆమే. అందుకని బండి ఆమె పేరు మీద రాయించుకున్నారు. కార్డు వచ్చినరోజు కూతురు ఇంగ్లీసు అక్షరాల మీద వేలు పెట్టి చూపించింది.

"ఇదేనమ్మా నీ పేరు" అంది.

ఇల్లాలు ఆ అక్షరాలను చూసి చూసి, తన నోటుబుక్కులో ఒకసారి రాసుకుంది.

గుర్తుంచుకోండి

ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఒక్కొక్క అంకె కలిపి చూడండి.
సీ బుక్కులో పేరున్న మనిషితోనే బేరం చేయండి.
అప్పు, గడువు, ఇన్సూరెన్సు తేదీలు చూడండి.
ఖాళీ ఫారాలు తీసుకోకండి. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టకండి.
పేరు మారేదాకా మొత్తం డబ్బు ఇవ్వకండి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో బండి ఉందా? దాని సీ బుక్కులో ఎవరి పేరుంది?
2. ఆ బండి 15 ఏళ్ల గడువు ఏ సంవత్సరంలో తీరుతుంది? లెక్క కట్టండి.
3. మీ ఇంట్లోవాళ్లు అమ్మేసిన బండి ఏదైనా ఉందా? దాని పేరు మారిందా?
4. ఇల్లాలు బయానా ఇచ్చి ఉంటే ఏమయ్యేది? మీ సంఘంలో మాట్లాడుకోండి.