ఇంటర్నెట్టు సంస్థ మారినా ఇంటికి సంబంధం తెగకుండా

మొబైలు ఫోను సంస్థను మార్చుకొన్నా పాత నంబరునే ఉంచుకొనే సౌకర్యం భారతదేశమంతటా 2011 జనవరి 20న అమలులోకి వచ్చింది. ఒక సందేశం పంపి, తిరిగి వచ్చిన సంకేతాన్ని కొత్త సంస్థకు ఇస్తే కొద్ది రోజులలో పని పూర్తి అవుతుంది. మారే సమయంలో కొద్ది గంటలు ఫోను మూగపోతుంది, అంతే. దీనికి అలవాటుపడినవారు ఇంటి ఇంటర్నెట్టు కూడా ఇలాగే మారుతుందనుకొంటారు. ముందు పాత సంస్థకు "మాకు వద్దు" అని చెప్పివేస్తారు. కొత్త సంస్థ మనిషి "రేపు వస్తా"నంటాడు. ఆ రేపు నాలుగు రోజులకు గాని రాదు. ఆ నాలుగు రోజులలోనే ఇంటిలోని అమ్మాయి ఈఏపీసెట్ కౌన్సెలింగుకు కళాశాలల ఎంపికను నమోదు చేయవలసి ఉంటే అది చిన్న ఇబ్బంది కాదు.

ఫోను నంబరు ఎందుకంత సులభంగా మారుతున్నది? నంబరు నిజానికి ఒక పద్దు మాత్రమే. ఏ నంబరు ఇప్పుడు ఏ సంస్థ వద్ద ఉన్నదో తెలిపే పట్టిక ఒకటి ఉన్నది. ఎవరైనా ఆ నంబరును పిలిచినప్పుడు ముందుగా ఆ పట్టికను చూచి పిలుపును అటు మళ్ళిస్తారు. పట్టికలో ఒక్క గడి దిద్దితే చాలు. ఎవరి ఇంటికీ కొత్త తీగ లాగవలసిన పని లేదు.

ఇంటి ఇంటర్నెట్టు సంగతి వేరు. ఇక్కడ మారవలసింది గోడ దాటి వచ్చే తీగ. ఇప్పుడు అనేక ఇండ్లకు వచ్చే ఆ తీగలో ఉన్నది రాగి కాదు, గాజుపోగు. పోగు వ్యాసం 125 మైక్రోమీటర్లు; అందులో కాంతి నడిచే నడిమి భాగం సుమారు 9 మైక్రోమీటర్లే. సంస్థ కేంద్రం నుండి 1490 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల పరారుణ కాంతి ఇంటికి వస్తుంది. ఇంటి నుండి 1310 నానోమీటర్ల కాంతి అదే పోగులో ఎదురు వెళ్ళుతుంది. తరంగదైర్ఘ్యాలు వేరు గనుక ఒకటి మరొకదానికి అడ్డం రాదు. (ఈ కాంతి కంటికి కనబడదు గదా అని ఊడదీసిన పోగు కొనలోకి తొంగిచూడరాదు, కంటికి హాని కలుగవచ్చు.)

వీధిలోకి వచ్చిన ఒక పోగును 32 ఇండ్లకు పంచటం సాధారణంగా జరిగే ఏర్పాటు. పంచే పరికరంలో కాంతి రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పదిరెండు భాగాలుగా ఐదుసార్లు సగమవుతుంది. సగమైనప్పుడల్లా 3 డెసిబెళ్ళు తగ్గినట్లు లెక్క, ఐదుసార్లకు 15. 2కు సంవర్గమానం 0.3010 అని తెలిసిన విద్యార్థులు ఈ లెక్కను తామే సరిచూచుకోవచ్చు. అతుకుల వద్ద మరికొంత పోతుంది. పోగును బీరువా వెనుక మడతపెట్టి నొక్కివేస్తే సంపూర్ణాంతర పరావర్తనం చెడి కాంతి బయటికి పోతుంది. కొత్త తీగ వేసిన మొదటి రోజులలో వచ్చే చిక్కులలో కొన్ని ఇటువంటివే. అప్పటికి పాత తీగ ఇంకా పనిచేస్తూ ఉండటం ఎంత మేలో చెప్పనక్కరలేదు.

ముప్పదిరెండు ఇండ్లూ ఒకే పోగులో కేంద్రానికి సమాచారం పంపాలి గనుక కేంద్రం ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క క్షణభాగాన్ని వంతుగా ఇస్తుంది. ఇంట్లో అందరూ వైఫై బాక్సు అని పిలిచే పెట్టెకు ఒక క్రమసంఖ్య ఉంటుంది. హాజరుపట్టీలో పేరు లేని పిల్లవానిని ఉపాధ్యాయుడు పిలువనట్లే, కేంద్రం వద్ద క్రమసంఖ్య నమోదు కాని పెట్టెకు వంతు రాదు. కనుక పాత సంస్థ పెట్టెను కొత్త తీగకు తగిలించినంతమాత్రాన పనిచేయదు.

బ్రిటనులో 2024 సెప్టెంబరు 12 నుండి కొత్త సంస్థకు ఒక్క మాట చెబితే చాలుననీ, పాత సంస్థతో అదే మాట్లాడుకోవలెననీ నియమం వచ్చింది. ఐతే తీగలు వేరైన చోట అక్కడైనా కొత్త తీగ వేయక తప్పదు. మన దేశంలో ఇంటి ఇంటర్నెట్టుకు అటువంటి ఏర్పాటు లేదు. రెండు పనులూ ఇంటివారే చేసుకోవాలి. అందువలన వాటి క్రమమే ముఖ్యం: కొత్తది వెలిగిన తరువాతనే పాతదానిని ఆర్పాలి.

పాత చందా ఏనాటితో ముగుస్తుందో చూచుకొని, దానికి పది రోజుల ముందే కొత్త తీగకు చెప్పుకోవటం మంచిది. నెలకు 600 రూపాయల చందా ఐతే వారం రోజులు రెండూ ఉంచుకొన్నందుకు అదనపు ఖర్చు 140 రూపాయలు. ఆ వారంలో కొత్తదానిని రాత్రి ఏడు నుండి పది గంటల మధ్య పరీక్షించాలి. ఒక పోగు మోసే సెకనుకు సుమారు 2,488 మెగాబిట్లను 32 ఇండ్లు ఒకేసారి పంచుకొంటే తలకు 78 వరకే వస్తుంది. పగటిపూట కొలిచి మురిసిపోతే ఈ సంగతి తెలియదు.

ఇంటి లోపలి సంగతి ఇంతకంటే సులభం. ఫోనులకూ కంప్యూటర్లకూ పెట్టె ఇచ్చే 192.168తో మొదలయ్యే చిరునామాలు ఇంటి హద్దు దాటవు. ఆ వరుసను 1996 నాటి ఇంటర్నెట్టు నియమపత్రం సొంత వాడుకకు ప్రత్యేకించింది. బయటి ప్రపంచానికి కనబడేది సంస్థ ఇచ్చిన వేరొక చిరునామా. సంస్థ మారితే మారేది అదే. కాబట్టి కొత్త పెట్టెకు పాత వైఫై పేరునూ, పాత సంకేతపదాన్నీ, రెండిటినీ అక్షరం తప్పకుండా పెడితే ఇంటిలోని పరికరాలు చాలావరకు తమంతట తామే చేరుకొంటాయి. పరీక్షించే వారంలో మాత్రం ఈ పని చేయరాదు. ఒకే పేరుతో రెండు పెట్టెలుంటే ఏ పరికరం దేనిని పట్టుకొన్నదో తెలియదు. పాతదానిని ఆర్పిన రోజునే కొత్తదానికి ఆ పేరు పెట్టాలి. రెండు పెట్టెలనూ తీగతో కలపటం కూడా పొరపాటే. రెండూ చిరునామాలు పంచటానికి పూనుకొని గందరగోళం చేస్తాయి.

మారే క్షణంలో జరుగుతున్న సంభాషణ, దిగుమతి అవుతున్న సినిమా తెగిపోతాయి, ఎందుకంటే అవతలి కంప్యూటరు ఇవతలివారిని గుర్తించేది బయటి చిరునామాతోనే. మళ్ళీ మొదలుపెడితే సరిపోతుంది. స్థిరమైన చిరునామా రాసిపెట్టిన ప్రింటరు, బయటినుండి చూచే కెమెరా ఉంటే వాటిని తిరిగి సరిచేయాలి. పాత తీగపై వచ్చే ఇంటి ఫోను నంబరూ, పాత సంస్థ ఇచ్చిన మెయిలు చిరునామా ఉంటే అదీ నిలుస్తాయో లేదో ముందే అడగాలి. బ్యాంకులో అదే మెయిలు ఇచ్చి ఉంటే ముందుగా మార్పించాలి.

రెండు తీగలు ఉంచుకోవటం వీలుకానప్పుడు చేతిలోని ఫోను వారధి అవుతుంది. దాని హాట్‌స్పాటుకు కూడా ఇంటి వైఫై పేరు, సంకేతపదమే పెడితే కంప్యూటరు సాధారణంగా తేడా గమనించదు. ఐతే ఫోను సమాచారానికి రోజువారీ హద్దు ఉండవచ్చు. పాఠాలకూ దరఖాస్తులకూ వాడాలి గాని సినిమాలకు కాదు.

పాత సంస్థకు ముగింపు విన్నపం రాతపూర్వకంగా ఇచ్చి, దాని సంఖ్యను దాచుకోవాలి. పెట్టె సాధారణంగా సంస్థ సొత్తు. క్రమసంఖ్య కనబడేటట్లు ఒక ఫోటో తీసుకొని, రసీదు పుచ్చుకొని అప్పగిస్తే డిపాజిట్టు అడగటానికి ఆధారం ఉంటుంది.