గడ్డి పట్టిచ్చిన దొడ్లు

బోట్స్‌వానా తూర్పు భాగంలో చుట్టూ ముళ్లకంప, మధ్యలో చెట్టన్నది లేని గడ్డి మైదానాలు అక్కడక్కడా కనిపిస్తాయి. నేల మీద నిలబడి చూస్తే పెద్ద వింతేమీ కాదు. 1970లలో జేమ్స్ డెన్‌బో అనే పురావస్తు పరిశోధకుడు విమానం నుంచి తీసిన ఫొటోల్లో అవే మచ్చల్ని చూసి, వెతుక్కుంటూ వెళ్లాడు. అక్కడ పెరిగేది మన మెట్ట రైతులు పశువుల మేతకు వేసుకునే అంజన్ గడ్డే. పాత పేడ దిబ్బ దొరికితే ఆ గడ్డి ఇక వదలదు. అలా గడ్డి జాడ పట్టుకుని పోతే, వెయ్యేళ్ల కిందటి ఊళ్లు, వాటి పశువుల దొడ్లు బయటపడ్డాయి. టౌట్స్వేమొగల కొండ మీద దొడ్డి పేడ కొన్ని చోట్ల మీటరుకు మించిన మందాన పేరుకుని ఉంది.

జొన్నలూ సజ్జలూ పండించుకుంటూ పశువుల్ని మేపిన ఈ జనం గురించి తెలుసుకోవడానికి ఎముకలు చాలవా అనిపించవచ్చు. చాలవు. ఎముక చెప్పేది కోసుకు తిన్న పశువు సంగతి. మందే ఆస్తి అయిన ఇంట్లో ఆవును కోయడం అరుదు. బతికున్న మంద వదిలివెళ్లేది పేడనే. అందుకే నా ఓటు పేడకు.

పేడలో దాగినవి రెండు. నెమరువేసే జంతువుల పేగుల్లో సున్నపు పదార్థంతో తయారయ్యే అతి సూక్ష్మ గోళాలు ఒకటి, గడ్డి కణాల్లోని సిలికా ముక్కలు రెండోది. మైక్రోస్కోపు కింద రెండూ కలిసి కనిపిస్తే అది దొడ్డి మట్టేనని నమ్మవచ్చు. గోళాలు ఆమ్లపు నేలలో కరిగిపోతాయి, మంట ఎక్కువైనా మిగలవు. సిలికా మొండిది. వేడి వెయ్యి డిగ్రీలు దాటిన చోట అదీ కరిగి, గాజులాంటి చిట్టెంగా గడ్డకడుతుంది. ఆ చిట్టెం చూసి ఇనుము కరిగించిన కొలిమి అనుకున్నా తప్పు పట్టలేం.

ఇలా కాలిన పేడ మనకూ కొత్త కాదు. పాలమూరు ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) 1957లో పురావస్తు పరిశోధకుడు ఆల్చిన్ తవ్విన బూడిద దిబ్బ కూడా కాలిన పేడే. పొరల మధ్య పశువుల గిట్టల ముద్రలు దొరికాయి. కాకపోతే అది టౌట్స్వే కంటే కొన్ని వేల ఏళ్లు పాతది.

పేడ తర్వాత పళ్లు. ఆవు దవడపన్ను మీది పింగాణీ కొన నుంచి మొదలుకి కట్టుకుంటూ రావడానికి దాదాపు ఏడాది పడుతుంది. పొడవునా అడ్డగీతలుగా కొద్దికొద్దిగా గీకి తీస్తే, ఆ ఏడాది మేత వరసగా బయటపడుతుంది. ఆ వేడి ప్రాంతపు గడ్డికీ చెట్ల ఆకుకీ కార్బన్ రకాల పాళ్లలో తేడా ఉంటుంది. మేకలు ఆకు వెతికాయా, ఆవులు గడ్డిలోనే ఉన్నాయా అన్నది దాన్ని బట్టి తేలుతుంది. స్ట్రాన్షియం పాళ్లు రాతి నేలను బట్టి మారతాయి కాబట్టి, పశువు ఎక్కడ మేసిందో అదీ అడగవచ్చు.

దొడ్డి ఊరి నడిబొడ్డున ఎందుకుందనే ప్రశ్నకు థామస్ హఫ్‌మన్ అనే పురావస్తు పరిశోధకుడు ఒక జవాబు చెప్పాడు. మధ్యలో దొడ్డి, పక్కనే మగవాళ్ల సభాస్థలం, ధాన్యపు గాదెలు, పెద్దల సమాధులు, చుట్టూ ఇళ్లు. పశువే పరపతి కాబట్టి ఊరంతా దాని చుట్టూ అల్లుకుందన్నాడు. ఈ బొమ్మ చాలామటుకు పందొమ్మిదో, ఇరవయ్యో శతాబ్దాల ఊళ్లను చూసి గీసింది. దాన్ని వెయ్యేళ్లు వెనక్కి నెట్టడం సరికాదని విమర్శకులు అంటారు. నాకూ ఆ విమర్శలో పస ఉందనిపిస్తుంది.

పన్ను చెప్పని ముచ్చట్లూ ఉన్నాయి. త్స్వానా జనంలో మఫీసా అనే పద్ధతి ఉంది: ఆవును మరొకరి దగ్గర ఉంచుతారు, మేపేవాడికి పాలు, ఆవు మాత్రం సొంతదారుదే. పెళ్లికి మగపెళ్లివారు ఇచ్చే పశువులు బొగాది. స్ట్రాన్షియం లెక్క ప్రకారం వేరే నేల మీద పుట్టిన ఆవొకటి ఈ దొడ్డిలో దొరికితే, అది మఫీసాకు వచ్చిందా, బొగాదిలో వచ్చిందా, రాత్రికి రాత్రి తోలుకొచ్చారా?