కోడిగ్రుడ్డులో పుట్టిన అశ్వరక్ష

1930వ సంవత్సరపు వేసవియందు కాలిఫోర్నియా రాష్ట్రములోని సాన్ వాకీన్ లోయలో సేద్యపు గుఱ్ఱములు ఒకదాని వెనుక నొకటి విపరీతముగా ప్రవర్తింపసాగెను. నిన్నటిదాక నాగలి లాగిన జంతువు నేడు తల వ్రేలవేసి, గోడకు నుదురానించి, గడియలకొలది కదలక నిలుచును. నోటిలోని గడ్డిపరక నమలుటకును మింగుటకును చేతగాక పెదవుల సందున వ్రేలాడుచుండును. అదలించి నడిపించినచో కాళ్లు పెనవైచికొని, గానుగెద్దువలె ఒకే దిక్కునకు వలయముగా తిరుగును. తుదకు ప్రక్కకు కూలి, లేవలేక, పడినచోటనే కాళ్లు విదిలించుచు ప్రాణము విడుచును. ఆ యేడు ఆ రాష్ట్రమున సుమారు 6,000 గుఱ్ఱములకు ఈ మెదడువాపు వ్యాధి సోకెననియు, అందు సగము మరణించెననియు లెక్కలు చెప్పుచున్నవి. ట్రాక్టరు ఇంకను సామాన్య రైతుకు అందని కాలము. పైగా దేశమంతట ఆర్థికమాంద్యము వ్యాపించిన కాలము. అట్టి దినములలో జత గుఱ్ఱములు చచ్చినవనగా ఆ కుటుంబమునకు ఆ యేటి పంట పోయినట్లే.

సాన్ ఫ్రాన్సిస్కోలోని హూపర్ పరిశోధనసంస్థ యందుండిన కార్ల్ ఫ్రీడ్రిక్ మేయర్ స్విట్జర్లాండునుండి వచ్చినవాడు. పశువైద్యమున దిట్ట, పట్టుదలలో మొండి. చచ్చిన గుఱ్ఱముల మెదళ్లను ఎన్ని తెప్పించి పరీక్షించినను, వేసవి యెండలో గంటలకొలది పడియుండిన కళేబరములనుండి వైరసు చిక్కలేదు. వ్యాధి తొలిదశలోనున్న జంతువు మెదడే, అప్పటికప్పుడు తీసినదే, కావలసియుండెను. మెర్సెడ్ పట్టణపు చేరువ నట్టి గుఱ్ఱమొకటి కనబడినది గాని, దానిని చంపనిచ్చుటకు యజమాని సుతరామును ఒప్పుకొనలేదు. అంతట మేయర్ ఆ రైతు భార్యతో 20 డాలర్లకు బేరము కుదుర్చుకొని, భర్త నిద్రించినాడని ఆమె సైగచేయువఱకు చీకటిలో పొంచియుండి, గుఱ్ఱపు తలను కోసికొని రాత్రికిరాత్రియే ప్రయోగశాలకు చేరినట్లు తరువాత తానే చెప్పుకొనెను. ఈ ఘట్టమును ఆదర్శప్రాయమని విద్యార్థులకు బోధింపలేము. కాని ఆ తలలోని మెదడునుండియే మేయర్, హారింగ్, బియాట్రిస్ హౌయిట్ అను మువ్వురు గినీపందులలోనికి ఎక్కింపదగిన వైరసును వేఱుచేసి 1931లో లోకమునకు ప్రకటించిరి. ఈ వ్యాధికి టీకాయొక్క జాతకము ఆ దొంగరాత్రినుండి ఆరంభమగుచున్నది.

1933లో అట్లాంటిక్ తీరమందలి న్యూజెర్సీ, డెలావేర్, మేరీలాండ్, వర్జీనియా రాష్ట్రములలో అవే లక్షణములతో గుఱ్ఱములు కూలసాగెను. ప్రిన్స్‌టన్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టెన్ బ్రోక్, మెరిల్ అను నిరువురు ఆ వైరసును పట్టి పరీక్షింపగా, అది కాలిఫోర్నియా వైరసునకు జ్ఞాతియే గాని అదియే కాదనియు, ఒకదాని బారినుండి కోలుకొనిన జంతువునకు రెండవదానినుండి రక్షణ లేదనియు తేలెను. కాలిఫోర్నియాదైన పడమటి వ్యాధి సోకినవానిలో సగమును చంపుచుండగా, అట్లాంటిక్ తీరపు తూర్పు వ్యాధి పదింట తొమ్మిదింటిదాక కొనిపోవుచుండెను. అదే సంవత్సరము అమెరికా సైన్యపు పశువైద్యాధికారి రేమండ్ కెల్సర్, రోగగ్రస్తమైన గినీపందిని కుట్టిన దోమలను ఆరోగ్యముగానున్న జంతువులపై వదలి, వైరసును దోమ మోయగలదని నిరూపించెను. ఈ వైరసులకు నిజమైన కాపురము పక్షులలో. పక్షినుండి దోమకు, దోమనుండి పక్షికి తిరుగుచు, దారి తప్పిన దోమవలన అప్పుడప్పుడు గుఱ్ఱమునకో మనుష్యునకో సంక్రమించుచుండుననునది క్రమముగా తెలియవచ్చెను.

వ్యాధిగ్రస్తమైన జంతువు మెదడును నూఱి, అందలి వైరసును ఫార్మలిన్‌తో చంపి, ఆ ముద్దనే సూదిమందుగా నిచ్చుట తొలి టీకాల పద్ధతి. అది గుఱ్ఱమును కొంతవఱకు కాపాడినమాట నిజమే. అయినను మెదడులో వైరసు పరిమాణము తక్కువ. టీకాకు బలము చాలదు. ఫార్మలిన్ తగ్గించినచో వైరసు చావదు, పెంచినచో చచ్చిన వైరసు గుర్తింపరాకుండ చెడిపోయి రక్షణ నీయదు. అదియునుగాక ఒక గుఱ్ఱమును రక్షించుటకు వేఱొక జంతువును చంపవలసివచ్చు ఈ పద్ధతిలో లక్షలకొలది మోతాదులు ఎట్లు తయారగును?

త్రోవ చూపినది కోడిగ్రుడ్డు. టెన్నెసీ రాష్ట్రమందలి వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయమున ఎర్నెస్ట్ గుడ్‌పాశ్చర్, అలిస్ వుడ్రఫ్ అనువారు కోళ్ల మశూచి వైరసును పొదిగిన గ్రుడ్డులో పెంచవచ్చునని 1931లో చూపియుండిరి. నాలుగేండ్లు గడవకముందే హౌయిట్, హిగ్బీ అనువారు గుఱ్ఱపు వైరసును గూడ గ్రుడ్డులో పెంచిరి. ఈ జ్ఞానమును టీకాగా మార్చినవారు డ్యూక్ విశ్వవిద్యాలయపు శస్త్రవైద్యుడు జోసెఫ్ బియర్డ్, స్ఫటికశాస్త్రమునుండి వైరసులవైపు మళ్లి లెడర్లీ ప్రయోగశాలలో చేరిన రాల్ఫ్ వైకాఫ్, వారి సహచరులును. వారి పనితీరు చూడదగినది. పది దినములు పొదిగిన గ్రుడ్డును చీకటిగదిలో దీపమునకు అడ్డముగా పట్టినచో ఎఱ్ఱని నరములజాలములో పిండము కదలుట కనబడును. మొద్దువైపున గాలిగది నీడ తెలియును. పెంకును స్పిరిటుతో తుడిచి, సన్నని రంధ్రముచేసి, సూదితో వైరసుబొట్టు లోనికి విడిచి, కరగిన మైనముతో రంధ్రమును మూసి, మరల పొదుగుపెట్టెలో నుంచుదురు. మఱునాడు దీపమునకు పట్టి చూచినచో పిండము కదలదు, నరములు నల్లబడియుండును. ఒక్క దినములోనే ఆ చిన్ని దేహమునందు వైరసు, గినీపంది మెదడులో ఎన్నడును చేరలేనంతగా, కిక్కిరిసిపోవును. ఆ పిండములను తీసి, మెత్తగా నూఱి, ఫార్మలిన్ కలిపి, వైరసు చచ్చినదని పరీక్షలలో తేలినపిమ్మట సీసాలలో నింపుదురు. వారము పదిదినముల యెడమున రెండు సూదులు గుఱ్ఱమునకు వేయవలెను. తూర్పు వైరసు, పడమటి వైరసు వేఱు గనుక రెండింటికిని వేఱువేఱుగా టీకా చేయవలసియుండెను. తరువాత రెండును ఒకే సీసాలో చేరెను.

బియర్డ్ బృందము తమ ఫలితములను ప్రకటించిన 1938లోనే మహామారి పరాకాష్ఠ నందినది. ఆ యొక్క యేట అమెరికా దేశమున 1,84,000కు పైగా గుఱ్ఱములును కంచరగాడిదలును ఈ వ్యాధికి గుఱియయ్యెను. అదే సంవత్సరము మాసచూసెట్స్ రాష్ట్రమున ముప్పదిమందికి పైగా మనుష్యులకు, విశేషించి పిల్లలకు, తూర్పు వ్యాధి సోకి, మూడింట రెండువంతులకు మించి మరణించిరి. కాలిఫోర్నియాలో హౌయిట్ ఒక బాలుని మెదడునుండి పడమటి వైరసును వేఱుచేసెను. కోడిగ్రుడ్డు టీకా విరివిగా ప్రచారములోనికి రాగా, మఱుసటి యేటికి గుఱ్ఱముల వ్యాధి ఎన్నో రెట్లు తగ్గెను. ఇదంతయు టీకా మహిమయేనని ఆనాటి ప్రకటనలు చాటెను గాని, నాకు మాత్రము అంత నమ్మకము లేదు. మహామారి తాకి బ్రదికిన గుఱ్ఱములు తమంత తామే రక్షణ పొందియుండును, దోమల సంఖ్యయు ఏటేట మాఱుచుండును. టీకా వేసిన గుఱ్ఱములు, వేయని గుఱ్ఱములకంటె మిక్కిలి సురక్షితముగా నుండెనన్నది మాత్రము నిర్వివాదము.

ఇచ్చట నొక సూక్ష్మము గ్రహింపవలెను. తూర్పు, పడమటి వ్యాధులలో గుఱ్ఱపు నెత్తుటిలో వైరసు దోమకు అంటుకొనునంతగా పెరుగదు. గుఱ్ఱము కుట్టించుకొనునే గాని మఱొకరికి అంటింపజాలదు. కనుక గుఱ్ఱమునకు టీకా వేసినచో గుఱ్ఱమే రక్షింపబడును; యజమాని పిల్లవానికి దానివలన ఒరుగునది లేదు. దక్షిణ అమెరికాలో బయలుదేరిన మూడవ జ్ఞాతి విషయమున ఈ న్యాయము పూర్తిగా తలక్రిందులాయెను.

1936లో వెనిజులా దేశమున గుఱ్ఱములు చావసాగెను. వైరసును పరీక్షించిన కూబెష్, రియోస్ అనువారు అది తూర్పుదియు పడమటిదియు కానిదని పిమ్మట తేల్చిరి. ఇవన్నియు ఆల్ఫావైరసులను ఒకే గణమునకు చెందినవి. 2005–06లో ఆంధ్రదేశమున ఊరూర కీళ్లు పట్టివేసి జనులను మంచమెక్కించిన చికున్‌గున్యాయు ఆ గణములోనిదే. వెనిజులా వైరసు సోకిన గుఱ్ఱపు రక్తమున అది అపరిమితముగా వృద్ధిపొంది, కుట్టిన దోమనెల్ల విషదోమగా మార్చును. ఇచ్చట గుఱ్ఱమే వ్యాధికి కొలిమి. దానికి టీకా వేయుట ఊరికంతకును వేయుటయే.

అందువలన దక్షిణ అమెరికా దేశములు ఆత్రముతో ఫార్మలిన్ టీకాలు తయారుచేసికొనినవి. ఆ టీకాలే ముప్పది యేండ్లకు పైగా వ్యాధిని పెంచి పోషించినవని తెలియుటకు మఱి రెండు దశాబ్దములు పట్టెను. ఫార్మలిన్ వైరసుకణపు మాంసకృత్తులను ఒకదానితో నొకటి బిగించివేయును. అయితే కణములు ముద్దగా అంటుకొనియున్నచోట లోపలి కణములకు మందు సోకదు. కోట్ల కణములలో నాలుగైదు బ్రదికియున్నను, సీసాను పరీక్షించు ప్రయోగములో అవి చిక్కకపోవచ్చును. లక్ష గుఱ్ఱములకు వేసినప్పుడు ఎచ్చటనో ఒక గుఱ్ఱము వాటికి చిక్కును. అనుమానమునకు మూలము విచిత్రమైనది. రెండు మహామారుల నడుమ ఈ రకపు వైరసు అడవులలోగాని చిత్తడినేలలలోగాని ఎంత వెదకినను కనబడలేదు. 1990 ప్రాంతములనుండి కినీ, స్కాట్ వీవర్ మొదలైనవారు వేర్వేరు దేశములలో, వేర్వేరు దశాబ్దములలో దొరకిన వైరసుల జన్యుక్రమములను పోల్చిచూడగా, అవి దాదాపు ఏకరూపముగా నుండెను. ప్రకృతిలో తిరుగాడు వైరసు ముప్పది యేండ్లు మాఱకుండుట అసంభవము; అది కాలము గడిపినది ప్రయోగశాలల శీతలపేటికలలోనే. ఆ టీకాలు మానిన పిమ్మట, 1973 తరువాత, ఆ రకపు వైరసు మహామారి మరల రాలేదు. వ్యాధి అంతరించినదనుకొనరాదు; 1995లో వెనిజులా, కొలంబియా దేశములలో వేఱొక రకము వేలకొలది జనులను బాధించెను.

ఈ కథలోని రెండవ టీకా పుట్టినచోటు మఱింత విచిత్రము. మేరీలాండ్‌లోని ఫోర్ట్ డెట్రిక్ అమెరికా సైన్యము జీవాయుధములను పరిశోధించిన స్థలము. గాలిలో చల్లినచో మనుష్యులకు సులభముగా అంటుకొను వెనిజులా వైరసును అచ్చట ఆయుధముగా మలచుచుండిరి. పరిశోధకులే రోగములపాలగుటవలన వారికొక టీకా కావలసివచ్చెను. 1943లో ట్రినిడాడ్ దీవిలో ఒక గాడిద మెదడునుండి తీసిన వైరసును బెర్జ్, బ్యాంక్స్, టైగర్ట్ అనువారు గినీపంది పిండముల గుండెకణములలో ఒకసారికాదు, 83 సార్లు వరుసగా పెంచిరి. గుండెకణములలో బ్రదుకుటకు అలవాటుపడిన వైరసు మెదడును చెఱచు శక్తిని కోల్పోయెను. టీసీ–83 అని పిలువబడు ఈ సజీవ టీకాను వారు 1961లో వర్ణించిరి. దాని బలహీనతకు ప్రధానకారణము జన్యుపదార్థములోని రెండే రెండు చిన్న మార్పులని మూడు దశాబ్దముల తరువాతగాని తెలియలేదు. తెలిసియున్నచో లక్షల గుఱ్ఱములపై ప్రయోగించుటకు అధికారులు అంత సులభముగా సాహసించియుండెడివారు కాదేమో.

సాహసింపక తప్పని దినము వచ్చినది. 1969లో గ్వాటెమాలా, ఎల్ సాల్వడార్ దేశములలో మొదలైన మహామారి దక్షిణముగా కోస్టారికాదాక ప్రాకి, ఉత్తరమున మెక్సికోను దాటి, 1971 వేసవిలో టెక్సాస్ రాష్ట్రపు బ్రౌన్స్‌విల్ ప్రాంతములో అడుగుపెట్టెను. గుఱ్ఱములను ఒకచోటనుండి మఱొకచోటికి తరలింపరాదని కట్టడి చేసిరి. లక్షల ఎకరములపై విమానములనుండి మలాథియాన్ చల్లిరి. మనుష్యులకొఱకు పుట్టిన టీసీ–83ను గుఱ్ఱములకు వేయసాగిరి. కొద్దినెలలలోనే 19 రాష్ట్రములయందు 28 లక్షల గుఱ్ఱములకు సూదులు పడెను. టెక్సాస్‌లో వేయికి పైగా గుఱ్ఱములు చచ్చినను, వ్యాధి ఆ రాష్ట్రమును దాటలేదు. అయితే లూసియానాలో పట్టిన దోమలలో టీకా వైరసే దొరకినదని మఱుసటి యేట ఒక వార్త వెలువడెను: సూదితో గుఱ్ఱములో ప్రవేశించిన వైరసు నెత్తుటిలోనికి వచ్చి, దోమలోనికి ఎక్కినది. అది మరల బలము పుంజుకొన్నట్లు సాక్ష్యము లేకున్నను, సజీవ టీకా సమరకాలమునకే తగునని పశువైద్యులకు తోచెను. అందుచేత టీసీ–83నే ఫార్మలిన్‌తో చంపి, తూర్పు, పడమటి టీకాలతో కలిపి నేడు వాడుచున్నారు. ఇందలి యుక్తి మెచ్చదగినది: చావక మిగిలిన కణమొకటి యున్నను, అది మునుపే కోఱలు తీసినది.

1999లో న్యూయార్క్ నగరమునకు ఆఫ్రికా నుండియో ఆసియానుండియో వెస్ట్ నైల్ వైరసు దిగినప్పుడు మార్గము ముందే వేసియున్నట్లాయెను. 2001 ఆగస్టునాటికే గుఱ్ఱపు టీకాకు తాత్కాలికానుమతి లభించెను. 2002లో 15,000కు పైగా గుఱ్ఱములకు వ్యాధి సోకగా, టీకా వేయించుటకు యజమానులు బారులు తీరిరి. 2005లో ఆ వ్యాధికే డీఎన్‌ఏ టీకా యొకటి గుఱ్ఱమునకు అనుమతింపబడెను. ఇప్పుడు అమెరికాలో దోమలకాలమునకు ముందు, వసంతారంభమున, ప్రతి గుఱ్ఱమునకును ఈ సూదులు ఏటేట వేయుట ఆచారము. చూలు గుఱ్ఱమునకు ఈనుటకు నెలో నెలన్నరో ముందు వేసినచో, జున్నుపాలద్వారా పిల్లకును రక్షణ చేరును.

గుఱ్ఱము నెక్కు మనుష్యునకు మాత్రము తూర్పు వ్యాధికిగాని, వెనిజులా వ్యాధికిగాని, వెస్ట్ నైల్‌కుగాని అంగడిలో దొరకు టీకా నేటికిని లేదు. ప్రయోగశాలలలో వైరసుతో పనిచేయువారికి పరిశోధనగా నిచ్చు మోతాదులు తప్ప. తూర్పు మెదడువాపు అమెరికా దేశమంతటను ఏటికి సగటున పదిమంది ప్రాంతమునకే సోకును. టీకా ఫలించినదో లేదో తేల్చుటకు ఎన్నివేలమందికి వేసి, ఎన్ని యేండ్లు వేచియుండవలెనో లెక్కగట్టిన కంపెనీ యేదియు ఆ ఖర్చునకు పూనుకొనుట లేదు.