ఆట పీసీలో, ఆడేది ఫోన్‌లో

మేడ మీద గదిలో గేమింగ్ పీసీ, కింద హాల్లో ఫోన్. ఆట నడిచేది పైన, ఆడేది కింద. మధ్యలో ఇంటి వైఫై ఉంటే చాలు, డేటా ప్యాక్ ఖర్చు కాదు. ఈ పని ఉచితంగా చేసిపెట్టే ఓపెన్‌సోర్స్ జంట సన్‌షైన్, మూన్‌లైట్. మొదటిది పీసీలో, రెండోది ఫోన్‌లో వేసుకోవాలి.

ఇందులో అసలు కిటుకంతా వీడియోను కుదించడంలోనే ఉంది. 1080పీ ఫ్రేములను సెకనుకు 60 చొప్పున ఉన్నవి ఉన్నట్టు పంపాలంటే దాదాపు 3 గిగాబిట్ల వేగం కావాలి. మామూలు ఇంటి వైఫై అంత మోయలేదు. గ్రాఫిక్స్ కార్డులోని ఎన్‌కోడర్ సాయంతో సన్‌షైన్ దాన్ని 20 మెగాబిట్ల దాకా దించి పంపుతుంది. మూన్‌లైట్ దాన్ని విప్పి తెర మీద చూపిస్తుంది, ఆడేవాళ్లు నొక్కిన ప్రతి బటన్‌నూ వెంటనే పీసీకి చేరవేస్తుంది. సినిమా అయితే రాబోయే సీన్లను ముందే తెచ్చిపెట్టుకోవచ్చు. ఆటలో ఆ వీలు లేదు. తర్వాత ఏం కనబడాలో తేల్చేది ఆడేవాళ్ల వేలే. ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ మధ్య వ్యవధి 17 మిల్లీసెకన్లు కూడా ఉండదు!

మూన్‌లైట్ 2013లో అమెరికాలో పుట్టింది. ఒహాయోలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఒక హ్యాకథాన్‌లో దీన్ని మొదలుపెట్టారు. అప్పటి పేరు లైమ్‌లైట్. ఎన్విడియా తన షీల్డ్ పరికరాల కోసం తెచ్చిన గేమ్‌స్ట్రీమ్ ఎలా పనిచేస్తుందో ఆరా తీసి, ఇతర ఆండ్రాయిడ్ ఫోన్లకూ దాన్ని అందించారు. 2022 డిసెంబరులో ఎన్విడియా గేమ్‌స్ట్రీమ్‌ను ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అయినా మూన్‌లైట్ ఆగలేదు. పీసీ వైపు పనిని అందుకోవడానికి సన్‌షైన్ ఉంది. పైగా అది ఏఎండీ, ఇంటెల్ చిప్‌లతోనూ పనిచేస్తుంది. కోడ్ అందరి చేతుల్లో ఉండటం వల్లే ఇది సాధ్యమైంది.

పీసీని లాన్ కేబుల్‌తో రూటర్‌కు కలిపి, ఫోన్‌ను 5 గిగాహెర్ట్జ్ వైఫైలో ఉంచితే తడబాటు బాగా తగ్గుతుంది. మూన్‌లైట్ చూపే నాలుగంకెల పిన్‌ను సన్‌షైన్ పేజీలో కొడితే జత కుదిరినట్టే.

ఇల్లు దాటితే లెక్క మారుతుంది. 20 మెగాబిట్ల వేగంతో గంట ఆడితే 9 జీబీ ఖర్చవుతుంది. రోజుకు 2 జీబీ ప్యాక్ పావుగంటకైనా రాదు. బయటి నుంచి ఆడక తప్పదనుకుంటే వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ వాడండి. రూటర్‌లో పోర్టులు తెరిచి పీసీని ఇంటర్నెట్‌కు వదిలేయకండి.