నల్లిని తినెడి నల్లి

వేసవిలో బెండ మొక్క ఆకు నొకదానిని త్రిప్పి చూడుడు. పైవైపున సూదితో పొడిచినట్లు తెల్లని చుక్కలు, అడుగున సాలెగూటి వంటి సన్నని దారములు, వాటి నడుమ మెల్లగా కదలుచున్న అణువంత ప్రాణులు కనబడినచో ఆ మొక్కకు ఎర్రనల్లి పట్టినదని తెలిసికొనవలెను. మంచపు సందులలో దాగెడి నల్లి వేరు, ఇది వేరు. పేరు మాత్రమే ఒకటి. మంచపు నల్లి ఆరు కాళ్ల కీటకము. ఇది ఎనిమిది కాళ్లు గలిగి, సాలీడుకు చుట్టమైనది. గ్రుడ్డునుండి వెడలిన పిల్లకు మాత్రము ఆరు కాళ్లే యుండును. మొదటి కుబుసము విడిచిన పిమ్మట నాలుగవ జత వచ్చును. పరీక్షలో విద్యార్థులు పొరపడు చోటు ఇదే.

ఈ జాతి నల్లులలో ప్రపంచమంతట ప్రసిద్ధి కెక్కినది రెండుచుక్కల నల్లి. దాని శాస్త్రనామము టెట్రానికస్ అర్టికే. నిడివి సుమారు అర మిల్లీమీటరు. సూదుల వంటి నోటి భాగములను ఆకు కణములలోనికి గ్రుచ్చి, పత్రహరితముతో సహా లోపలి రసమును పీల్చును. ఖాళీయైన కణముల గుంపులే మనకు కనబడు తెల్లచుక్కలు. 30 డిగ్రీల వేడిలో దీని గ్రుడ్డు పది దినముల లోపుగనే పెరిగి, తానును గ్రుడ్లు పెట్టు తల్లి యగును.

ఐరోపా చలిదేశములలో కీరదోస, టమాటా, గులాబీ మొదలగువానిని గాజుతో కట్టిన హరితగృహములలో పండింతురు. అందు వెచ్చదనము కలదు, వాన లేదు, బయటి శత్రువులు లోనికి రావు. నల్లికి ఇంతకంటె కావలసిన దేమి? రెండవ ప్రపంచయుద్ధము తరువాత క్రొత్త మందులు వచ్చినప్పుడు రైతులు సంబరపడిరి. కాని మందు చల్లిన ప్రతిసారి దానిని తట్టుకొనగలిగిన కొద్ది నల్లులు మిగిలి, వాటి సంతతియే పంటను నింపెను. తరము పది దినములదైనప్పుడు అట్టి సంతతి పెరుగుట కెంతకాలము పట్టును? పైగా ఆ మందులు నల్లిని తినెడి జీవులను ముందుగా చంపెను.

1958లో జర్మనీ దేశమున డోసె అను శాస్త్రజ్ఞుడు, చిలీ దేశమునుండి తెప్పించిన ఆర్కిడ్ మొక్కలమీద మరియొక నల్లిని చూచెను. అది ఆకును ముట్టదు. ఆకుమీది నల్లులను తినును. ఫైటోసీయులస్ పెర్సిమిలిస్ అను ఈ పరభక్షక నల్లి బేరిపండు ఆకారము, నారింజ వన్నె, నిగనిగలాడు ఒడలు గలది. రోజునకు ఇరువది వరకు నల్లి గ్రుడ్లను గాని, అయిదారు పెద్ద నల్లులను గాని తినగలదు. తగిన వాతావరణములో తన ఎరకంటె త్వరగా పెరుగును.

దీనికి కన్నులు లేవు. మరి ఎరను ఎట్లు కనుగొనును? 1980 ప్రాంతములలో హాలండు శాస్త్రజ్ఞులు చీలిన గాజుగొట్టముతో దీనిని పరీక్షించిరి. ఒక కొమ్మగుండా ఆరోగ్యముగల చిక్కుడాకుల మీది గాలి, రెండవ కొమ్మగుండా నల్లి పట్టిన ఆకుల మీది గాలి వచ్చునట్లు చేసి, పరభక్షక నల్లిని కూడలిలో విడిచిరి. అవి ఎక్కువగా రెండవ దారినే పట్టెను. నల్లి పీల్చునప్పుడు మొక్క కొన్ని ప్రత్యేక వాసనలను వెలువరించును. ఆ వాసన వెంబడి వేటగాడు వచ్చును.

ఇంత చురుకైన వేటగానితో ఒక చిక్కు కలదు. ఇది ఎర్రనల్లి కుటుంబమును తప్ప మరి దేనిని తిని బ్రతుకలేదు. ఎరను తుడిచిపెట్టిన పిదప తానును ఆకలితో చచ్చును, లేదా తనవారినే తినును. తరువాత ఎక్కడినుండియో నాలుగు నల్లులు వచ్చినచో ఆపువారుండరు. కాలిఫోర్నియాలో హఫేకర్ 1958లో ప్రకటించిన ప్రయోగము దీనినే చూపెను. ఆయన బల్లమీద నారింజపండ్లు పేర్చి, నల్లిని, దానిని తిను మరియొక నల్లిని విడిచెను. పండ్లు దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు వేటగాడు అన్నిటిని తిని తానును నశించెను. వందకు పైగా పండ్ల నడుమ వేజలైన్ అడ్డుగట్లు వేసి, ఎరకు దారముతో గాలిలో ఎగిరి తప్పించుకొను వీలు కల్పించినప్పుడు మాత్రమే రెండును మూడు పర్యాయములు పెరిగి తగ్గుచు నిలిచెను.

ఇంగ్లండులోని లిటిల్‌హాంప్టన్ పరిశోధకులు ఈ చిక్కునకు వింతగా తోచు ఉపాయమును కనిపెట్టిరి. కీరదోస నాటిన క్రొత్తలోనే ఎర్రనల్లిని కొలతప్రకారము మొక్కలన్నిటిమీదను తామే విడుచుట! కొన్ని దినములకు పరభక్షక నల్లిని విడుతురు. ఎర అంతట సమముగా నుండుటచే వేటగాడును అంతట స్థిరపడును. నల్లి తనంతట తాను వచ్చినచో ఒకమూల కొంపలు ముంచును, వేరొకమూల అసలే యుండదు. లెక్క బాగుగనే యున్నది గాని, అప్పుచేసి నాటిన పైరుమీద తన చేతులతో పురుగును చల్లుమన్నచో ఏ రైతు గుండె ఝల్లుమనదు? అయినను కొందరు సాహసించిరి. హాలండులో కీరదోస రైతు యాన్ కోపర్ట్ 1967లో ఈ నల్లులను పెంచి అమ్ముటకు పూనుకొనెను.

ఇది సర్వరోగనివారిణి కాదు. వేడి 30 డిగ్రీలు దాటి గాలి పొడిబారినచో దీని గ్రుడ్లు సరిగా పొదగవు. ఎర్రనల్లికి అదే పండుగ. కనుక గాలిలో తేమ తగ్గనీయరాదు. దీనిని విడిచిన పిదప ఘాటైన మందు చల్లినచో పెట్టిన డబ్బు మట్టిపాలే. ఎర తగ్గినను నిలిచెడి వేరు రకములును కలవు. 2006 చివర స్పెయిను దేశపు అల్మేరియా ప్రాంతమునుండి వెళ్లిన బెంగుళూరు మిరపకాయలలో నిషిద్ధమైన మందు శేషములు జర్మనీలో పట్టుబడినవి. కొనువారు వెనుదీయగా, మరుసటి సంవత్సరమునకే అచ్చటి మిరప రైతులలో అత్యధికులు పరభక్షక జీవుల వైపు మరలిరి. వారికి తోడ్పడినవానిలో ముఖ్యమైనది ఆంబ్లీసీయస్ స్విర్స్కీ. ఇది తామరపురుగులను, తెల్లదోమ గ్రుడ్లను తినును. అవి లేనప్పుడు మిరపపూల పుప్పొడితో కాలము గడుపును.

మన తోటలలోను ఇట్టి వేటగాండ్రు లేకపోలేదు. నియోసీయులస్ లాంగిస్పైనోసస్ అను పరభక్షక నల్లి మన దేశమున బెండ, గులాబీ, తేయాకు మొదలగు మొక్కలమీద ఎర్రనల్లి గుంపుల నడుమ కనబడును. ఉపాధ్యాయులు పదిరెట్లు పెద్దది చేసి చూపు భూతద్ద మొకటి సంపాదించి, నల్లి పట్టిన ఆకులను తరగతికి తెచ్చినచో చాలును. పైరును పీల్చు నల్లి గూటిలో మందముగా కదలును, ఒడలిమీద నల్లని మచ్చలుండును. వేటగానికి మచ్చలుండవు, నున్నగా మెరయుచు, కాళ్లు చాచి ఆకుమీద పరుగెత్తును. అట్టిది కనబడిన తోటలో మందు డబ్బాను అటకమీదనే యుంచి, నల్లుల సంఖ్యను వ్రాసిపెట్టుకొని, ఏడు దినముల తరువాత అవే కొమ్మల ఆకులను మరల లెక్కించుడు.